లేని రేడియేటర్‌కు దొంగ

ఆ రోజుల్లో నేను ఎవర్నీ నమ్మేవాణ్ణి కాదు. తప్పంతా నాదే అనలేను. ఆఫీసులో చల్లటి పని అని చెప్పి జగిత్యాల ఏజెంటు నన్ను ఒమాన్ విమానం ఎక్కిస్తే, ఇబ్రా సైట్‌లో ఏడాదిన్నర ఇటుకలు మోశాను. (ఇటుకలు మాత్రం నిజంగానే ఉన్నాయి, అబద్ధమాడకూడదు.) అప్పటినుంచి టీలో చక్కెర వేశామన్నా, చెంచాతో అడుగు దేవి చూసుకుంటేగానీ తాగేవాణ్ణి కాదు. అలాంటి నాకు హెవీ లైసెన్సు చేతికి రాగానే కంపెనీ లారీ ఒకటి అప్పగిస్తామన్నారు.

అది జర్మనీ లారీ. మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు, ఇసుకా సిమెంటూ మోసే మధ్యరకం బండి. దాన్ని చేసిన కంపెనీ ఇంకో పెద్ద కంపెనీలో కలిసిపోయిందనీ, కొత్త బండ్లు వేరే పేరుతో వస్తున్నాయనీ ఎవరో చెప్పారు. నా మొదటి అనుమానం అక్కడే పుట్టింది. పేరు మార్చుకున్నవాణ్ణి మా ఊళ్లో ఎవరైనా నమ్ముతారా?

ఎనిమిదేళ్లుగా ఆ లారీ నడిపింది కడప చాచా. మా రూమ్‌లోనే, నాకు ఎదురు మంచం. ఇక పూర్తిగా ఇంటికి వెళ్లిపోతున్నాడు, రెండు రోజుల్లో విమానం. బండి అప్పగింత కాగితం మీద నేను సంతకం పెడితేనే కంపెనీ ఆయన పాస్‌పోర్టు ఇస్తుంది. అన్ని బండ్లకూ ఒకటే అచ్చు కాగితం: బ్యాటరీ, జాకీ, స్టెప్నీ, రేడియేటర్... పదో తరగతి చదివినవాణ్ణి కదా, ఒక్కోదాని మీదా వేలు పెట్టుకుంటూ వెతికాను. క్యాబిన్ ముందుకు వంచి చూస్తే, ఇంజన్‌ను నీళ్లతో చల్లబరిచే రేడియేటర్ లేదు. ముందు లేదు, వెనక లేదు, కింద దూరి చూసినా లేదు.

చాచానే అడగొచ్చు. కానీ అడిగితే దొంగ జాగ్రత్తపడతాడని అడగలేదు.

"ఏమబ్బా, బండి బాగుండాదా?" అన్నాడు చాచా.

"మంచిగున్నది చాచా," అన్నాను, లోపల కేసు రాసుకుంటూ.

స్టార్ట్ చేసి కూడా చూపించాడు. చెవులు పగిలే చప్పుడు. నీళ్లు లేకుండా ఇదెంతసేపు నడుస్తుంది? చాచా విమానం ఎక్కేదాకా నడుస్తుంది, ఆ తర్వాత నా మెడకు చుట్టుకుంటుంది. క్యాబిన్‌లో ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా ఒకటి కనిపించింది. నీళ్లు తాగే బండి కాకపోతే అదెందుకు? పైగా ఆయన మంచం కింద పచ్చతాడుతో బిగించిన పెద్ద అట్టపెట్టె. కొలత అచ్చం రేడియేటర్ కొలతే. ఆయన స్నానానికి పోయినప్పుడు కాలితో ఒక్కటి తన్నాను. ఖణేల్మంది!

మర్నాడు పొద్దున్నే ఫోర్‌మన్ దగ్గరకు పరిగెత్తాను. ఆయన కేరళ మలబారీ, మా కంపెనీకి కొత్త, నాకంటే తక్కువ తెలిసినవాడు. "సాబ్, రేడియేటర్ చోరీ హోగయా," అన్నాను. ఆయన నేరుగా రూమ్‌కొచ్చి, పెట్టె చూపించి "ఖోలో" అన్నాడు.

చాచాకు విషయం అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. నావైపు చూసి, "నన్నడిగింటే సరిపోయుండు కదా బేటా," అని మాత్రం అన్నాడు. రెండు సాయంత్రాలు కూర్చుని కట్టుకున్న తాడు ముడి వెంట ముడి విప్పాడు. దుప్పటి, పౌడరు డబ్బాలు, ఖర్జూరాలు, ప్రెషర్ కుక్కర్ (ఖణేల్మన్నది ఇదే), అన్నిటికంటే అడుగున చిన్న గౌను. ఇంతవరకూ చూడని మనవరాలికి కొలత ఊహించి కొన్నాడట. రూమ్‌లో ఒక్కరూ నవ్వలేదు. తిట్టినా బాగుండేది. సిగ్గుతో నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తర్వాత చాచా ఫోర్‌మన్‌నీ నన్నూ బండి దగ్గరకు తీసుకెళ్లి, క్యాబిన్ వంచి, ఇంజన్ ముందున్న పంకా చూపించాడు. "జర్మనోళ్లు దీనికి నీళ్ల పనే పెట్టలేదబ్బా. ఈ గాలితోనే చల్లబడతాది. నీళ్లు దొరకని ఎడారిలో ఇంతకంటే ఏం కావల్ల?"

"మరి ఆ నీళ్ల డబ్బా?" అన్నాను. (అనుమానం అంత తేలిగ్గా చావదు.)

"అది బండికి గాదు, నీకు. ఎండలో దారిమధ్య నిలబడిపోతే బండి తట్టుకుంటాది, మనిషి తట్టుకోలేడు."

రేడియేటర్ అన్నచోట గీత కొట్టి సంతకం పెట్టాను. ఆ సాయంత్రం అట్టపెట్టెకు తాడు నేనే కట్టాను. వదులుగా ఉందని చాచా రెండుసార్లు విప్పించి మళ్లీ కట్టించాడు. కట్టినంతసేపూ ఆయనకు క్షమాపణ చెప్పాలనే అనుకున్నాను. చెప్పలేదు.

ఏడేళ్లకు నా వంతు వచ్చింది. బండి అప్పగించేరోజు నా అట్టపెట్టెకు తాడు కట్టకుండా, మూత తెరిచి మంచం మీదే పెట్టుకుని కూర్చున్నాను, కొత్త డ్రైవర్ వచ్చి చూస్తాడని. నిర్మల్ వైపు ఊరతను. పెట్టెవైపు కన్నెత్తి కూడా చూడలేదు. "గాలి ఇంజనే గదన్నా? తే, సంతకం పెడ్త," అన్నాడు. అంత సులువుగా నమ్మేశాడు! నాకెందుకో నవ్వొచ్చింది.

ఏ కాగితంలోనూ లేని నీళ్ల డబ్బాను అతని చేతిలో పెట్టాను. "ఇది బండికి గాదు తమ్మీ," అన్నాను.