దస్తఖత్ కాని చిట్టీ

నల్లాల దఫ్తరులో గుమాస్తా అజ్మత్ అలీ ప్రాణమంతా ఆ నక్షామీదే. పాతబస్తీలో ఏ గల్లీకి నీళ్లు మళ్లించే వాల్వు ఎక్కడుందో అందులో ఉంటుంది. ఒకప్పుడు ఎవడికి తోచింది వాడు దానిమీద గీకేవాడు. అజ్మత్ వచ్చి పద్ధతి పెట్టించాడు. మార్పేదైనా చిట్టీ మీద రాయాలి, పెద్దసాబు చూసి దస్తఖత్ చేయాలి, ఆ తర్వాతే నక్షాకు సిరా తగలాలి, పక్కన ఎక్కించిన తారీఖు ఉండాలి. దస్తఖత్ లేకుండా చుక్క పెట్టినవాణ్ణి చీల్చి చెండాడేవాడు.

హుస్సేనీ ఆలంలో రోడ్డు వెడల్పు చేసినప్పుడు అక్కడి వాల్వును మలుపులోకి జరిపారు. అజ్మత్ ఆ రోజే చిట్టీ రాసి పెద్దసాబు బల్లమీద పెట్టాడు. గుర్తుచేసినప్పుడల్లా ఆ మహానుభావుడు చూద్దాంలే అన్నాడు. విందులకు తీరిక దొరికేది గానీ చిట్టీకి దొరకలేదు.

ఎండాకాలంలో ఓ మధ్యాహ్నం అక్కడే గుండయ్య పరుపుల దుకాణం అంటుకుంది. నీళ్లు మళ్లించడానికి సైదాబాద్ నుంచి వచ్చిన దఫ్తరు పనివాళ్లు నక్షాను నమ్మి వాల్వు కోసం పాతచోట తవ్వారు. పురానాపూల్ పనిమీదున్న అజ్మత్ పరుగెత్తుకొచ్చి మలుపు చూపించేసరికి అంతా అయిపోయింది. లోపల చిక్కుకున్న గుండయ్య తమ్ముడు వైకుంఠం కాలిపోయాడు.

"నీకు ఎరుకేనంట గద అజ్మత్ భాయ్. మరి నక్షాల ఎందుకు ఎక్కియ్యలే?" అన్నాడు గుండయ్య.

దస్తఖత్ కాలేదని ఆ శవం ముందు ఏ మొహంతో చెబుతాడు?

మర్నాడు చిట్టీ అజ్మత్ బల్లమీదికి వచ్చింది. కింద దస్తఖత్, పక్కన ఎప్పటిదో పాత తారీఖు. పెద్దసాబు చేతులు కడిగేసుకున్నాడు. ఇప్పుడు నక్షాకెక్కిస్తే, చిట్టీని తొక్కిపెట్టింది గుమాస్తాయే అని చిట్టీమీది పాత తారీఖూ నక్షామీది ఇవాళ్టి తారీఖూ కలిసి చెబుతాయి.

పక్కబల్ల దస్తగీర్‌కు ఒళ్లు మండింది. "ఎక్కియ్యకు భాయ్. దొంగ తారీఖని లొల్లి చెయ్."

"లొల్లి తెగేదాక నక్షా గిట్లనే ఉంటది. మల్ల అంటుకుంటే?"

అజ్మత్ సిరాబుడ్డి మూత తీశాడు. పాత గుర్తు కొట్టేసి, మలుపులో కొత్తది పెట్టి, పక్కన పద్ధతి ప్రకారం ఎక్కించిన రోజు తారీఖే వేశాడు. ఆ నెలలోనే నౌకరీ ఊడింది.

గుండయ్య కొత్త దుకాణం తెరిచాడు. అజ్మత్ ఎదురైతే మొహం తిప్పుకుంటాడు. అజ్మత్‌కు పెద్దసాబు మీద కోపం కొన్నాళ్లకు చల్లారింది గానీ, తనమీద తనకున్నది మాత్రం చల్లారలేదు. దస్తఖత్ కోసం చూడకుండా పెన్సిలుతో ఒక చుక్క పెట్టి ఉంటే వైకుంఠం బతికేవాడు. చిట్టీ రాసిన రోజంతా పెన్సిలు అతని చెవి మీదే ఉంది.