బట్టమేక వచ్చిందన్నారు

డెబ్బై ఏళ్ల మనిషిని బండి వెనక కూర్చోబెట్టుకుని, మిట్ట మధ్యాహ్నం గోరంట్ల అవతలి గుట్టల దాకా తీసుకెళ్లి నేను చూపించిన వింత గురించి మా ఇంట్లో ఇప్పటికీ నా ముందే చెప్పుకుని నవ్వుతారు. మీరూ నవ్వండి, నాకు అలవాటే.

మా నాయనకు ఒకటే కోరిక. ఆయన చిన్నప్పుడు, శెనక్కాయ పీకే రోజుల్లో, చలిదేశాల పిట్టలు దిగే కాలంలోనే బట్టమేక పిట్టలు కూడా మా చేలల్లోకి వచ్చేవట. నడుమెత్తు పిట్ట, తెల్లటి మెడ, నల్లటి నెత్తి. ఇప్పుడు మా వైపు వెతికినా కనబడవు. నాయనకు ఒక కంట్లో చూపు పోయింది, రెండోది మసక. "ఇదీ పోయే లోపల ఒక్కసారి చూస్తే చాలు రా" అనేవాడు.

నేనేమో అప్పుడే బైనాక్యులర్ కొన్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా! గుట్టల్లో కనిపించిన ప్రతి గొర్రెల కాపరికీ నా నంబరిచ్చి, "బట్టమేక కనపడితే ఫోన్ చేయప్పా" అన్నాను. గమనించారా? 'పిట్ట' అనలేదు. పక్షుల సంగతి తెలిసినవాళ్లం మరి, పొట్టిగానే మాట్లాడతాం!

కార్తీకంలో ఓబులేసు అనే కాపరి ఫోన్ చేశాడు.

"అన్నా, నీ బట్టమేక ఈడుండాది!"

"ఎంత ఎత్తుండాది?"

"నడుముకాడికి వస్తాది."

"మెడ?"

"తెలుపు."

"నెత్తి?"

"నల్లగుండాది. శెనక్కాయ చెట్లు తింటాంది. బిన్నా రా అన్నా, కంచె మిందనుంచి ఎగురుతాంది!"

ఎగురుతోందట! ఇంకేం సాక్ష్యం కావాలి?

నాయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. దారి పొడవునా నా భుజం పట్టుకుని ఒకటే ప్రశ్న.

"ఉంటాదంటావా?"

"ఉంటాది నాయనా."

"నిదానంగా పో. బండి చప్పుడికి బెదురుతాది."

గుట్ట కింద బండి ఆపి, ఇద్దరం వంగి వంగి నడిచాం. దూరంగా కంచె వెనక తెల్లటి మెడ లేచింది. నాయన కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "అదే రా! అదే!" సరిగ్గా అప్పుడే అది అరిచింది.

"మ్మే..."

పిట్ట సున్నా, కూత ఘనం.

పిల్ల పాలు తాగకుండా పొదుగుకు పాత గుడ్డ కట్టిన మేక అది. ఎక్కడో తప్పిపోయి ఓబులేసు మందలో కలిసింది.

"ఏమప్పా, నువ్వే కదా బట్టమేక అంటివి?" ఓబులేసు తాడు నా చేతికిచ్చాడు. "బట్ట కట్టిండారు, మేక ఉండాది. ఇంగేం కావల్ల? తోలుకోని పో!"

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నాయన మేక దగ్గరికి వెళ్లి దాని మెడ నిమిరాడు. కాసేపు ఆకాశం వైపు చూశాడు. తర్వాత నవ్వాడు.

"బట్ట వచ్చినాది, మేక వచ్చినాది. ఇంగ పిట్టొకటే రావల్ల."

ఆ మేక సాక్షిగా అక్కడే ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో 'పిట్ట' అనే మాట మింగను, రెక్కలున్నాయా అని అడగకుండా బండి తీయను. తప్పితే వచ్చే జన్మలో మేకనై పుడతాను.

ఈ కార్తీకంలోనూ శెనక్కాయ పీకుతున్నారు. నాయన రెండో కన్నూ దాదాపు పోయింది. అయినా నా ఫోన్ మోగితే చాలు, మంచం మీద లేచి కూర్చుంటాడు.

"రెక్కలుండాయేమో అడుగు రా!"