కప్ప మీద పోసిన నీళ్లు

నిన్న మా బడిలో వాతావరణ మార్పుల పాఠం చెప్పి, పిల్లలకు తలా ఒక వేపమొక్క పంచాను. ఆ చేదు వాసన ఇంకా చేతులను వదల్లేదు.

జహీరాబాద్‌లో నేను నాలుగో తరగతి చదివిన ఏడాది వానలు పడలేదు. "చెట్లుంటెనే వానలు పడ్తయి," అని మా సారు బడి గోడ వెంట మాతో వేపమొక్కలు నాటించారు. రోజూ బోరింగు నుంచి బకెట్‌తో నీళ్లు తానే మోసుకొచ్చేవారు. నెల గడిచినా మబ్బు పట్టలేదు. ఇక పెద్దలు వాన కోసం మమ్మల్ని కప్పతల్లి ఆడమన్నారు. రోకలికి కప్పను కట్టి, చుట్టూ వేపాకు చుట్టాలి. దగ్గర్లో వేపాకు ఎక్కడుందో మాకు బాగా తెలుసు.

మొక్కల ఆకంతా దూసేసి, పాడుకుంటూ, కప్ప మీద నీళ్లు పోయించుకుంటూ ఇల్లిల్లూ తిరిగి, సారు వాకిట్లో నిలబడ్డాం. ఆయన రోకలికి చుట్టిన లేత వేపాకును తడిమి చూశారు. మొక్కల కోసం ఉంచిన బకెట్ ఎత్తి, నీళ్లన్నీ కప్ప మీద కుమ్మరించారు.

"ఇగ పొండ్రి," అన్నారు.

సారు కూడా మా కప్పను నమ్మారని ఎగిరి గంతులేశాం.

నిన్న మొక్క అందుకుంటూ ఒక పిల్ల అడిగింది. "టీచర్, ఇది పెడితే ఎండలు తగ్గుతయా?"

"తగ్గుతయి బిడ్డా," అన్నాను. నా మాట నాకే నమ్మబుద్ధి కాలేదు. ఆ రోజు సారు నీళ్లతో పాటు ఏం పారబోశారో అప్పుడు తెలిసింది.