మా మేడం వంకర జాకెట్లు

ఆదోనిలో డాక్టర్ కృష్ణవేణి పేరు తెలియనివాళ్లు ఉండొచ్చు గానీ, ఆవిడ జాకెట్టు సంగతి తెలియనివాళ్లు లేరు. మనిషి చక్కగా ఉంటుంది, చీర చక్కగా ఉంటుంది, జాకెట్టు మాత్రం కుదిరి చావదు. ఒక వారం ఎడమవైపు బూరెలా ఉబ్బుతుంది. ఇంకో వారం భుజం మీదికి ఎగబాకుతుంది. మరో వారం నడుం దాకా జారి, అక్కడే విశ్రాంతి తీసుకుంటుంది.

నేను ఆవిడ ల్యాబులో టెక్నీషియన్‌ని, పేరు రష్మి. నాకు నోరు కాస్త ఎక్కువని అంటారు, అంటే అననివ్వండి. మేడం పొద్దున రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్లని చూస్తుంది, ఆపరేషన్లు చేస్తుంది. మధ్యాహ్నం నుంచి ఆ గడ్డల ముక్కలతో మా ల్యాబులో కూర్చుంటుంది. ఏ గడ్డ ఏ మందుకు లొంగుతుంది, ఏది మొండికేస్తుంది, ఆ మొండిదాన్ని ముందే ఎట్లా పసిగట్టాలి, ఇదీ ఆవిడ పరిశోధన. బెంగళూరులో అద్దాల మేడలాంటి ల్యాబు వదిలేసి, మా ఆడవాళ్ల జబ్బు మా ఊళ్లోనే చదువుతానని వచ్చింది. ఆవిడ దగ్గర పనిచేస్తున్నానని చెప్పుకోవడం నాకు మహా గర్వం. ఎదుటివాళ్లు వెంటనే "ఆ జాకెట్టు మేడమేనా?" అని అడుగుతారు, అదే బాధ.

ల్యాబులో ఆవిడ వెంట్రుకవాసి తేడా ఒప్పుకోదు. రంగు ఒక్క చుక్క ఎక్కువ పడితే చాలు, స్లైడు పక్కన పెట్టేసి "మళ్లీ చెయ్యి తల్లీ" అంటుంది. ఇంత కొలతల మనిషికి తన ఒంటి కొలత తెలియదా అని నాకు ఒళ్లు మండేది.

కుట్టేది ఎమ్మిగనూరులో అజీమున్నీసా. ఆదోనిలో దర్జీలకి గొడ్డుపోయినట్టు మేడం సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి అంతదూరం పోతుంది. వంకర జాకెట్టు ఇచ్చి, ఇంకా వంకరది తెచ్చుకుంటుంది. పోనీ ఆమెకి కుట్టడం రాదేమోనని, పరీక్ష కోసం నేనూ ఒకటి కుట్టించుకున్నాను. పోత పోసినట్టు కుదిరింది. అయితే లోపం మా మేడంలోనే ఉందని తీర్మానించాను. ఆవిడ భర్త ప్రాణేశ్ గారిని అడిగితే, పెళ్లిఫొటోలో జాకెట్టు బాగానే కుదిరిందని సాక్ష్యం చెప్పి, మళ్లీ పేపర్లో తలదూర్చాడు.

జాకెట్టుకి తోడు చేష్టలు కూడా. నడుస్తూ నడుస్తూ ఆగి, చెయ్యి పైకెత్తి దించుతుంది. ఊడవని నేలని ఊడుస్తున్నట్టు వంగుతుంది. మార్కెట్ యార్డు దగ్గర ఎవరిదో పత్తి మూట ఎత్తబోతే హమాలీలు బెదిరిపోయి లాక్కున్నారు. ఒకసారైతే ధూళి కూడా దూరకూడని మా ల్యాబులో చీమలు బారులు తీరి ఆవిడ కుర్చీ ఎక్కాయి. పైటలో చిరుతిండి దాచుకుందనుకున్నాను.

ఇట్లా ఉండగా ఆస్పరి దేవక్క రావడం మానేసింది. పరిశోధనలో ఉన్న మనిషి, ఆపరేషన్ అయింది, సూదిమందులు ఇంకా ఉన్నాయి. ఫోన్ చేస్తే పలకదు. అంతకుముందు కూడా కొందరు ఇట్లాగే మధ్యలో ఆగిపోయారు. మేడం నన్ను వెంటబెట్టుకుని ఆస్పరి పోయింది.

దేవక్క తలుపు సగమే తీసింది.

"పైట నిలబడదు మేడం. ఒక పక్క బోసిగా ఉండాది. బస్సులో అందరూ ఆడికే సూస్తారు. నేను రాను."

మందు సగంలో ఆపితే జబ్బు తిరగబెట్టొచ్చని, ఈసారి వస్తే లొంగదీయడం కష్టమని మేడం నచ్చజెప్పింది.

"వస్తే రానీలెండి," అని దేవక్క తలుపేసుకుంది.

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. మేడం గబగబా బస్టాండుకి నడిచింది. అక్కడ "రష్మీ, ఎమ్మిగనూరు బస్సు యాడ నిలబడుతుంది?" అని అడిగింది. ఇక్కడ ఒక మనిషి ప్రాణం మీదికొచ్చి ఉంటే ఈవిడకి జాకెట్టు కావలసివచ్చిందా అని ఆ రోజు ఆవిడతో మాట్లాడలేదు.

కొన్నాళ్లకి మేడం పరిశోధన గురించి వినడానికి హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి పెద్ద డాక్టర్లు మా ఆదోనికి వచ్చారు. వాళ్లు మన దగ్గరికి రావడమంటే మాటలా? హాలు నిండిపోయింది. వెనక వరసల్లో మేడం పిలిపించిన ఆడవాళ్లు కూర్చున్నారు. మేడం పట్టుచీర కట్టింది. లోపల జాకెట్టు యథాప్రకారం ఎడమవైపు వేలాడుతోంది. కాళ్లావేళ్లా పడ్డాను, మార్చుకోమని.

"ఇవ్వాళే కదమ్మా గంటసేపు చెయ్యెత్తి చూపించాల్సింది," అంది.

ఆ ముక్క నాకు అర్థం కాలేదు.

ఉపన్యాసం అద్భుతంగా సాగింది. ఏ గడ్డ ఎందుకు మొండికేస్తుందో ఆవిడ తెర మీద చూపిస్తుంటే పెద్ద డాక్టర్లు కలాలు కిందపెట్టి వింటున్నారు. సరిగ్గా అప్పుడు, ఎత్తిన చెయ్యి కింద నుంచి జలజలా ఆవాలు రాలాయి. వేదిక మీద పడి, ముందు వరస బూట్ల కిందికి దొర్లాయి. భూమి చీలితే దూరిపోదామనిపించింది.

మేడం కిందికి చూసింది. వెనక వరసలోకి చూసింది.

"ఆపా, చంక కింద కుట్టు వదిలింది."

"సూస్తినమ్మా," అంది అజీమున్నీసా, కూర్చున్నచోటు నుంచే. "ఈసారి రెండు వరసలు ఏస్తా."

మేడం డాక్టర్ల వైపు తిరిగింది. "మందు పనిచేస్తుందో లేదో తెలియాలంటే ముందు మనిషి ఆస్పత్రికి రావాలి. పైట నిలబడదని వీళ్లు గడప దాటడం లేదు. అందుకే రొమ్ము తీసేసిన పక్క నిండుగా ఉండేట్టు జాకెట్టు లోపల సంచి కుట్టించాను. వట్టి దూది పెడితే తేలిపోతుంది, నువ్వులు పెడితే చీమలు పట్టినాయి, ఆవాలు బాగున్నాయి. నేను తొడుక్కుని చూడకుండా వాళ్లకెట్లా ఇచ్చేది? ఇదీ నా పరిశోధనే."

ఆ క్షణాన మా మేడంని చూసి నా గుండె ఉప్పొంగిపోయింది. ఊరంతా నవ్వుతున్నా కారణం చెప్పకుండా అన్నాళ్లూ ఊరేగింది, చూడండి.

ముందు వరసలో పెద్దాయన, పొలం పనులు చేసుకునేవాళ్లకి ఈ కుట్లు ఆగుతాయా అని అనుమానం వెలిబుచ్చాడు. మేడం నోరు తెరిచేలోగా వెనక నుంచి ఒకామె లేచి నిలబడింది. చూద్దును గదా, దేవక్క. నిండుగా పైట సర్దుకుంది.

"నాది వదల్లేదు సార్. ఆస్పరి నించి బస్సులో నిలబడే వచ్చినా. సూదిమందు ఏసుకొనే పోతా."

పెద్దాయన మెత్తబడి, ఆపరేషన్ ఏ వైపు అయిందమ్మా అని అడిగాడు.

"మీరే సెప్పండి సార్," అంది దేవక్క. "ఇంతమంది పెద్ద డాక్టర్లు ఉండారు గదా."

ఆయన చూశాడు, పక్కాయన చూశాడు, ఇద్దరూ నవ్వి చేతులు జోడించారు. హాలంతా నవ్వింది. అందరికంటే గట్టిగా మా మేడం నవ్వింది. ఆ నవ్వుకి మిగిలిన ఆవాలు కూడా రాలిపోయాయి.