ఎర్రకాయలు రెండు, తాలుకాయలు పదకొండు

మా నాన్న గొంతెత్తితే మూడో వీధిలో ఎద్దులు ఆగేవని ఊళ్లో చెప్పుకునేవారు. అది కాస్త కోతే గానీ, నిండు మిర్చి బస్తాను ఒక్కడే భుజానికెత్తుకునేవాడన్నది మాత్రం నా కళ్లతో చూశాను. అలాంటి మనిషి ఒక మాఘమాసం మిట్టమధ్యాహ్నం కల్లంలో, ఆరబోసిన కాయల మధ్య గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఒళ్లంతా చెమటలు, వణుకు. ఊపిరి ఆడలేదు. "నేను పోతున్నానే" అన్నాడు అమ్మతో. పావుగంటకు లేచి కూర్చుని మంచినీళ్లు అడిగాడు. అప్పటికి నాకు పదేళ్లు.

"ఘాటు తగిలింది" అన్నారందరూ. మా గుంటూరు వైపు ఎవరికి ఊపిరాడకపోయినా ముందు మిరపకాయదే తప్పు. దగ్గుతూ తుమ్ముతూ పెరిగిన వాళ్లం, ఆయాసానికి ఇంకో కారణం ఉంటుందని మాకు తట్టదు. ఊళ్లో సూదిమందు వేసే ఆయనా అదే అన్నాడు. బలానికని ఒక సూది వేసి, కల్లం వైపు వెళ్లొద్దని చెప్పి పోయాడు.

నాన్న కల్లం మానేశాడు. అది మాత్రం నాన్నను మానలేదు. గుంటూరు బస్సులో వచ్చింది. పెళ్లి పందిట్లో, విస్తరి ముందు కూర్చున్నప్పుడు వచ్చింది. ఒకసారి వచ్చిన చోటికి ఆయన మళ్లీ వెళ్లేవాడు కాదు. అలా బస్సు మానేశాడు, పెళ్లిళ్లు మానేశాడు, శ్రావణంలో మిరపనారు నాటే వేళకు పొలం కూడా మానేసి అరుగు మీద కూర్చున్నాడు. "వచ్చే ఉగాదికి పొలం కౌలుకిచ్చేస్తా" అన్నాడొకరోజు. తుమ్మ మొద్దులు పెరికి ఆయన సొంత చేతులతో బాగుచేసుకున్న పొలం అది. అది పోతే ఆయనకు మిగిలేది ఆ అరుగే. నాకు ఏడుపొచ్చింది.

మా అమ్మ నోట్లో నాలుక లేని మనిషని పేరు. కళ్లు లేవని మాత్రం ఎవరూ అనలేదు. తాలుకాయలు ఏరడంలో ఆమెను మించినవాళ్లు లేరు. రంగు పోయి తెల్లబారిన కాయను తాలుకాయ అంటాం. కూలీలు ఏరి వదిలేసిన రాశిలోంచి కూడా ఆమె గుప్పెడు తీసి చూపించేది. అక్షరం ముక్క రాదు గానీ, ఏది ఏదో విడదీయడం ఆమెకు వచ్చినట్టు నాకు తెలిసిన చదువుకున్నవాళ్లలో చాలామందికి రాదు.

ఆమె వంటింటి గూట్లో రెండు ముంతలు పెట్టింది. నాన్నకు అది వచ్చినప్పుడు చుట్టుపక్కల మిరపకాయలు ఉంటే ఒక ముంతలో ఎర్రకాయ వేసేది. లేకపోతే రెండో ముంతలో తాలుకాయ. ఎందుకని అడిగితే, "నీకెందుకే, పోయి నీళ్లు తే" అంది.

దసరా వెళ్లాక రెండు ముంతలూ నాన్న ముందు బోర్లించింది. ఎర్రవి రెండు. తాలువి పదకొండు.

"ఇది ఘాటు కాదు. గుంటూరు పోదాం పదండి" అంది. బస్సెక్కనంటే బండి కట్టించింది. కాయలు కొంగున ముడేసుకుంది.

గుంటూరు బ్రాడీపేటలో డాక్టరు గారు మద్రాసులో చదివొచ్చిన మనిషి. నాన్న గుండె ముందూ వెనకా చాలాసేపు విన్నారు. అంతా అయ్యాక అమ్మ ముడి విప్పి కాయలు బల్ల మీద పోసి, అది ఏ రోజు ఏ చోట వచ్చిందో పదమూడూ వరసగా చెప్పింది. ఆయన రెండుసార్లు తుమ్మారు గానీ ఆమె మాటకు అడ్డురాలేదు.

"ఇది మొదలవకముందు ఇంట్లో ఏమన్నా జరిగిందా?" అని అడిగారు.

నాన్న నేలచూపులు చూశాడు. "మా అన్నయ్య పోయాడండి, అంతకు ముందేడు. బస్తా దించుతా దించుతా అట్టాగే పడిపోయాడు. నేను మళ్లీ బస్తా ముట్టలేదు." మా పెదనాన్న మాట ఇంట్లో ఎత్తనిచ్చేవాడు కాదు ఆయన.

"మీ గుండె బాగుందండి. ఇది భయం. అందరికీ ఉండే భయం కాదు, జబ్బుగా మారిన భయం. ఆందోళన జబ్బు అంటాం. ఇది వచ్చినప్పుడు పారిపోకండి, కూర్చుని ఊపిరి నెమ్మదిగా వదలండి. మానేసిన చోట్లకు ఒక్కొక్కటిగా మళ్లీ వెళ్లండి." అమ్మ వైపు తిరిగి, "సగం పని మీరే చేశారమ్మా" అన్నారు. అమ్మ కాయలన్నీ ఏరి మళ్లీ కొంగున కట్టుకుంది.

నాన్న బేరానికి దిగాడు. "గుండెజబ్బని రాసివ్వండి డాక్టరు గారూ, ఊళ్లో చెప్పుకోటానికి బాగుంటది." మా వైపు గుండెజబ్బుకు పరువుంది, భయానికి లేదు. ఆయన నవ్వారు గానీ రాయలేదు. దారి పొడుగునా నాన్న పళ్లు నూరుతూనే ఉన్నాడు. ఎవరడిగినా ఘాటనే చెప్పాలని నాచేత ఒట్టు వేయించుకున్నాడు.

అది ఒక్కరోజులో పోలేదు. మొదట వీధి చివరిదాకా నడిచాడు, తర్వాత పొలం గట్టుదాకా. వచ్చేది, అక్కడే కూర్చునేవాడు, పోయేది. కౌలు మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మళ్లీ మాఘం వచ్చింది. నాన్న కల్లంలో అడుగుపెట్టిన మూడో రోజున బస్తాలెత్తే కూలీ ఒకతను, నాన్నంత మనిషి, గుండె పట్టుకుని కూలబడ్డాడు. "ఘాటు, ఘాటు" అంటూ జనం నీళ్లకు పరిగెత్తారు. నాన్న వెళ్లి అతని పక్కన కూర్చున్నాడు.

"ఒరేయ్, ఇటు చూడు. బండి కట్టిస్తున్నా, గుంటూరు పోయి గుండె చూపిద్దాం. గుండెదే అయితే డాక్టరు చూసుకుంటాడు. కాకపోతే నాకొచ్చేదే నీకూ వచ్చుంటది. నాది ఘాటు కాదురా. భయం. ఏడాది నుంచి భయంతో చస్తన్నా."

కాయలు ఏరే ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. మూడో వీధికి వినపడే గొంతాయె, మెల్లగా చెప్పాలన్నా ఆయనకు చేతకాదు. నా ఒట్టు ఆయనే తీసి గట్టు మీద పెట్టాడు. మగవాడు భయమన్న మాట నోటితో పలకని ఊళ్లో, పదిమంది కూలీల ముందు పలికాడు మా నాన్న. ఆయన కూతురినని నేను తలెత్తుకుని చెప్పుకునేది అందుకే, ఎత్తిన బస్తాలకు కాదు.

"భయమని తమరికెవరు చెప్పారండీ?" అన్నాడు అతను, ఊపిరి అందీ అందక.

నాన్న రాశి అవతల కూర్చున్న అమ్మను చూపించాడు. "డాక్టరు కంటే ముందు అదిగో, ఆమె కనిపెట్టింది."

అమ్మ తల ఎత్తలేదు. అతన్ని బండిలో పడుకోబెట్టాక నాన్న తిరిగొచ్చి, అతను దించిన చోటే ఉన్న నిండు బస్తా వైపు కాసేపు చూశాడు. వంగి దాన్ని భుజానికెత్తుకున్నాడు. ఆ బస్తాతోనే అమ్మ ముందుకొచ్చి నిలబడి, "పొలం ఎవరికీ ఇవ్వట్లేదు" అన్నాడు.

"తెలుసులే. కాయలు తొక్కకుండా నడవండి" అంది అమ్మ.