రాయకూడని పేరు

ఆక్లాండ్ నుంచి పాపకూర అనే ఊరికి వెళ్లే రైల్లో, ఆవిరి పట్టిన కిటికీ మీద వేలితో మా ఆయన పేరు రాశాను. బతికున్నంతకాలం ఆయన నన్ను చదువుకోనివ్వలేదు. పోయాకే అక్షరాలు నేర్చుకున్నాను. మొగుడి పేరు పలకకూడదు గానీ, రాస్తే తప్పులేదనుకున్నాను.

ఎదురుగా కూర్చున్న చైనా ముసలామె ఎవరి పేరని ఇంగ్లీషులో అడిగింది. పక్కనున్న మా అమ్మాయి చెప్పింది, అమ్మ ఆ పేరు నోటితో అనదని కూడా.

ఆమె నవ్వి అన్నది అమ్మాయి నాకు తెలుగులో చెప్పింది. "ఏం, మీ ఆయన చక్రవర్తా? మా చక్రవర్తుల పేరు ఎవరూ రాయకూడదు. రాయక తప్పకపోతే ఆ అక్షరంలో చివరి గీత వదిలేసేవాళ్లు. లేకపోతే తల పోయేది."

"మరి ఆ చక్రవర్తి పోయాక?" అన్నాను.

అమ్మాయి అడిగి చెప్పింది. "ఆ వంశం పోయేదాకా రాయకూడదంటమ్మా."

మా ఆయన వంశంలో మిగిలింది మా అమ్మాయి ఒక్కతే. దాని చెయ్యి గట్టిగా పట్టుకుని, ఇంకేమీ అడగొద్దన్నాను.