మంగళవారం మందులు, అమావాస్య సెలవు

పాలరంగు చీర నేస్తుంటే దగ్గు తెర వచ్చింది. తేరుకుని చూస్తే అంచు పక్కన ఎర్రటి చుక్క. రంగు అంటిందేమో అనుకున్నాను. కానీ ఆ చీరలో ఎర్రపట్టు పోగే లేదు.

"మగ్గం గుంతలో కూసునేవాళ్లకు దగ్గు రాకుండా యాడ పోతాది?" అని అన్నాళ్లూ కొట్టిపారేసిన మా ఆయన ఆ చుక్క చూసి నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లాడు. ధర్మవరంలో మా వీధి వీధంతా దగ్గుతుంది. ఎవరి దగ్గునూ ఎవరూ పట్టించుకోరు.

ఎక్స్‌రే తీశారు, కఫం తీసుకుని స్పుటమ్ టెస్ట్ చేశారు. "టీబీ అమ్మా. కోర్సు కంప్లీట్ చేస్తే క్యూర్ అవుతుంది. డోస్ మాత్రం మిస్ కావద్దు" అన్నారు డాక్టరమ్మ. నెలకు సరిపడా మాత్రలిచ్చి, అయిపోతే మంగళవారం రమ్మన్నారు. తక్కిన రోజుల్లో ఆ కౌంటర్ తెరవరు.

మాత్రలకు దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది. అక్కడే మోసపోయాం. మా నేతపనిలో రెండు అంచులకు ఇద్దరం కూర్చోవాలి, ఒకరు లేస్తే చీర ఆగిపోతుంది. అమావాస్యనాడు మాత్రం మగ్గం ముట్టం. సంతైనా, ఆస్పత్రైనా మాకు ఆ రోజే. ఆ నెల అమావాస్యకు ముందే మాత్రలు అయిపోయాయి. "బాగానే ఉండావు కదా, అమావాస్యకు పోదాంలే" అన్నాడు మా ఆయన. సరేనన్నాను. తీరా వెళ్తే ఆ అమావాస్య శుక్రవారం. కౌంటర్‌కు తాళం. మాత్రలు లేకుండానే మళ్లీ మగ్గమెక్కాం.

దగ్గు తిరగబెట్టింది. స్పుటమ్ మళ్లీ పాజిటివ్. "రెసిస్టెన్స్ వచ్చిందేమో చూడాలి. వచ్చుంటే ఈ మందులు పనిచేయవు" అన్నారు డాక్టరమ్మ. రిపోర్టు వచ్చేదాకా అన్నం సహించలేదు, చాలా భయపడ్డాను. రెసిస్టెన్స్ లేదన్నప్పుడు అక్కడే బెంచీ మీద కూర్చుని ఏడ్చేశాను. కోర్సు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారు.

అప్పుడే బెంగళూరు నుంచి పరిశోధన చేసేవాళ్లు వచ్చారు. పేదదేశాల్లో మందులున్నా మనుషులకు ఎందుకు అందవు, ఆస్పత్రి నిర్ణయాల్లో రోగుల మాట ఉందా లేదా అన్నది వాళ్ల పని. ఆస్పత్రి కమిటీని, మందులు మధ్యలో మానేసిన మమ్మల్ని ఒకే గదిలో కూర్చోబెట్టారు. "మందులున్నాయి కదమ్మా, ఎందుకు మానేశారు?" అని కమిటీలో ఒకాయన అడిగాడు.

నేను లేచాను. "మందులుండాయి సార్. అవి మంగళవారం ఉండాయి. మేము అమావాస్యకు మగ్గం దిగుతాం."

అందరూ నవ్వారు. డాక్టరమ్మ నవ్వలేదు. "ఇక్కడ నేసేవాళ్లు ఎవరెవరు?" అని అడిగారు. గోడవారగా కూర్చున్నవాళ్లంతా చేతులెత్తారు. "మాకెవరూ చెప్పలేదే!" అన్నాడు కమిటీ పెద్ద. "మమ్మల్నెవరు అడిగినారన్నా?" అంది వెనకనుంచి ఒకామె. ఈసారి నవ్వింది మేము.

తరువాతి అమావాస్యకు కౌంటర్ తెరిచారు! మా వీధివాళ్లను ఆ వరుసలో చూసి నాకు కాళ్లు నేలమీద నిలవలేదు. ఆ రోజు తెల్లారగానే చెప్పులేసుకుని గడపలో నిలబడి "ఏమే, ఇంకా లేవవా? నేనే పోయి తెచ్చేదా?" అని తొందరపెట్టింది ఎవరనుకున్నారు? మా ఆయనే.

కోర్సు పూర్తయింది. స్పుటమ్ నెగటివ్. మాత్రలు ఇచ్చే చోటే, ఇచ్చే రోజే చెప్పేయండి, మళ్లీ రావడానికి మీకు ఏ రోజు కుదురుతుందో. వాళ్లు అడగకపోయినా సరే. మొన్న మళ్లీ పాలరంగు చీరే నేశాం. మడత పెట్టేముందు ఈ అంచు నుంచి ఆ అంచుదాకా వెతికాను. ఒక్క చుక్క లేదు.